‘రన్’ అంటే పరుగొక్కటేనా? ఇంగ్లీషులో పరుగెత్తేవన్నీ తెలుగులో ఏం చేస్తాయి

మన బృందంలో మొన్న ఒక డిగ్రీ విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇది. ‘షీ రన్స్ ఎ హాస్టల్’ అన్న వాక్యం ఆమె పాఠంలో వచ్చింది. రన్ అంటే పరుగెత్తడం అని చిన్నప్పటి నుంచి చదువుకున్నాం కదా, హాస్టల్‌ని పరుగెత్తించడం ఏమిటి, డిక్షనరీ తెరిస్తే ఆ మాటకు బోలెడు అర్థాలున్నాయి, ఇవన్నీ బట్టీ పట్టాలా అని అడిగింది. కొందరు సభ్యులు ‘రన్ అంటే నిర్వహించు అని రాసుకో’ అని ఒక్క ముక్కలో చెప్పేశారు. ఆ వాక్యానికి అది సరిపోతుంది. కానీ ఆ అమ్మాయి అడిగింది ఆ ఒక్క వాక్యం గురించి కాదు. నేను హైదరాబాద్‌లో తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంటాను. ఈ ఒక్క క్రియ దగ్గర ఎంతమందికి టెన్షన్ మొదలవుతుందో దగ్గర్నుంచి చూస్తుంటాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

అమ్మా, నీ భయంలో తప్పేమీ లేదు. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండో కూర్పులో అన్నిటికంటే పొడుగైన వివరణ ‘సెట్’ అనే క్రియది. ఒట్టి క్రియకే 430 అర్థాలు చూపించారు, మొత్తం వివరణకు 60,000 పదాలు పట్టాయి. తర్వాత ఆ నిఘంటువును సవరిస్తూ పోతుంటే 2000లో ‘మేక్’, 2007లో ‘పుట్’ ఆ స్థానంలోకి వచ్చాయి. 2011లో ‘రన్’ వాటన్నిటినీ దాటేసింది. క్రియగా దానికి తేలిన అర్థాలు 645. ఈ వరసలో గ్రీకు నుంచో లాటిన్ నుంచో తెచ్చుకున్న బరువైన మాటలేవీ లేవు, గమనించు. అన్నీ ఇంగ్లీషు సొంత మాటలు, ఒక్క సిలబుల్‌లో, అంటే ఒక్క ఊపులో పలికేవి. ఇంజన్లు, మిల్లులు, రైళ్ళు, చివరికి కంప్యూటర్లు వచ్చినకొద్దీ ఆ కొత్త పనులన్నిటికీ ఇంగ్లీషు ఈ పాత మాటనే పిలుచుకుంది.

అలాగని 645 అర్థాలను ఏ ఇంగ్లీషువాడూ బట్టీ పట్టడు. నేను క్లాసులో చెప్పేది ఒక్కటే: రన్ అర్థం రన్‌లో వెతకొద్దు, రన్ అవుతున్నది ఏమిటో చూడండి. బస్సా, నీళ్ళా, ముక్కా, దుకాణమా, రోడ్డా, జ్వరమా? అది తెలిసిన మరుక్షణం తెలుగులో దానికి తగిన క్రియ దానంతట అదే నోటికి వస్తుంది. ఇంగ్లీషు ఒకే క్రియ నెత్తిన పెట్టిన పనిని తెలుగు వస్తువును బట్టి పంచిపెట్టింది. ఆ పంపకం మనకు పుట్టుకతో తెలుసు, కొత్తగా నేర్చుకోవాల్సింది చాలా తక్కువ.

అసలు రన్‌కు మొదటి అర్థం పరుగు అనుకోవడం దగ్గరే చిక్కు ఉంది. పాత ఇంగ్లీషులో ఈ మాట మనిషి పరుగుకూ వాడారు, నీటి ప్రవాహానికీ వాడారు. దాని చుట్టమైన జర్మన్ భాషలో ఇప్పటికీ ‘రిన్నెన్’ అంటే నీరు పారడం, ‘రెన్నెన్’ అంటే పరుగెత్తడం. రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవే. కాబట్టి ఆ మాట లోపల ఉన్నది కాళ్ళు కాదు, ఆగకుండా తన దారిన తాను సాగిపోవడం. కాళ్ళున్నది పరుగెత్తుతుంది, నీరు పారుతుంది, అంతే తేడా.

ఇక్కడే మన తెలుగులో ఒక అపురూపమైన మాట ఉంది. పారు. ఇవాళ పారు అనగానే నీళ్ళే గుర్తొస్తాయి. కాలువ పారింది, మూసీ పారింది అంటాం. మరి ‘పారిపోయాడు’ అన్నప్పుడు అందులో నీళ్ళెక్కడున్నాయి? అక్కడ పారడం అంటే అచ్చంగా పరుగెత్తడమే. పాత తెలుగులో పాఱు అని బండి ఱ తో రాసిన ఈ క్రియకు ప్రవహించడం, పరుగెత్తడం రెండూ అర్థాలే. తర్వాత్తర్వాత ఒంటరిగా వాడినప్పుడు నీళ్ళకే మిగిలింది, జంటమాటల్లో మాత్రం పాత పరుగు దాక్కుని ఉంది. పసిపిల్ల పారాడుతుంది, అంటే నేలమీద అటూ ఇటూ పాకుతూ తిరుగుతుంది. ‘పారేయ్’ అంటే పార వేయడం, చేతిలోంచి సాగిపోయేలా విసరడం. పాచిక పారింది అంటే వేసిన ఎత్తు పనిచేసింది. ‘నీ ఎత్తులు నా దగ్గర పారవు’ అన్న మాటలో కూడా అదే పారు.

తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు ఈ మాట ఇంకా బాగా తెలుసు. ‘మీ బోరు ఎంత పారుతది?’ ‘రెండెకరాలు పారుతది.’ ఇక్కడ పారేది నీరే అయినా, వాక్యంలో కర్త బోరు. ఆ నీటితో తడిసే భూమిని పారకం అంటారు. ప్రభుత్వం కూడా ఈ మాటను వదల్లేదు, సాగునీళ్ళ వ్యవహారం చూసే శాఖ పేరు నీటిపారుదల శాఖ. రన్‌కు తెలుగులో తోబుట్టువు ఎవరని అడిగితే నేను పరుగును కాదు, పారును చూపిస్తాను. ‘ద మూసీ రన్స్ త్రూ హైదరాబాద్’ అన్న వాక్యాన్ని ‘మూసీ హైదరాబాద్ మధ్యలోంచి పారుతుంది’ అని ఎవరైనా తడుముకోకుండా చెప్పేస్తారు. ‘ద థీఫ్ ర్యాన్ అవే’ అన్నదాన్ని ‘దొంగ పారిపోయాడు’ అని చెప్పేస్తారు. ఇంగ్లీషులో రెండు చోట్లా రన్ ఉంది, తెలుగులో రెండు చోట్లా పారు ఉంది. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన రాసి చూపిస్తే, రన్‌కు నీళ్ళ అర్థం ఎక్కడి నుంచి వచ్చిందని మళ్ళీ అడిగే పని ఉండదు.

తర్వాత పెద్ద వాటా నడుచు అనే క్రియది. ఇంగ్లీషులో బస్సులు పరుగెత్తుతాయి, మన దగ్గర నడుస్తాయి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో నడుస్తుంది. సికింద్రాబాద్ స్టేషన్‌లో ‘రన్నింగ్ లేట్’ అని ఇంగ్లీషులో వినిపించినప్పుడు తెలుగులో వినిపించేది ‘ఆలస్యంగా నడుచుచున్నది’. బండ్లే కాదు, మనకు చాలా నడుస్తాయి. కోర్టులో కేసు నడుస్తుంది, దుకాణం నడుస్తుంది, జాతకంలో ఏలినాటి శని నడుస్తుంది, పంచాంగంలో శ్రావణం నడుస్తుంది. హైదరాబాద్‌లో దీనికి ఇంకో పొర ఉంది. ఉర్దూ, దక్కనీ మాట్లాడేవాళ్ళ ‘చల్నా’ కూడా నడకే. ఆ భాషా మన తెలుగూ తరతరాలుగా ఒకే గల్లీలో బతకడం వల్ల ఇక్కడి తెలుగులో నడుచు ఇంకా పెరిగింది. ‘ఈ నోటు నడుస్తదా?’, ‘చాయ్ లేకున్నా నడుస్తది’, ‘దేవి థియేటర్ల ఏం సిన్మా నడుస్తున్నది?’, ‘ఏం నడుస్తున్నదన్నా?’ లాంటి మాటలు ఇక్కడ రోజూ వినిపిస్తాయి. వీటిలో నోటుకూ చాయ్‌కీ ఇంగ్లీషు రన్ పనికిరాదు. నడుస్తది అని వినగానే రన్ పెట్టేస్తే తప్పే. సినిమాకు పెట్టొచ్చు, పరిస్థితులకు ‘గోయింగ్ ఆన్’ అనాలి.

ఇప్పుడు ఆ అమ్మాయి హాస్టల్ దగ్గరికి వద్దాం. తెలుగులో హాస్టల్ నడుస్తుంది, ఆమె దాన్ని నడుపుతుంది. రెండు రూపాలు. దానంతట అది జరిగితే నడుచు, ఎవరో చేస్తే నడుపు. పారు-పారించు, ఆడు-ఆడించు, తిరుగు-తిప్పు అన్నీ ఇంతే. ఇంగ్లీషులో రెండింటికీ రన్ ఒక్కటే. ఒకప్పుడు వాళ్ళకూ రెండు క్రియలుండేవి. పాత ఇంగ్లీషులో పరుగెత్తడానికి ఒకటి, పరుగెత్తించడానికి ఇంకొకటి. శబ్దం దగ్గర దగ్గరగా ఉండి రెండూ కలిసిపోయాయి. కాబట్టి రన్ పక్కన కర్మ ఉందో లేదో చూడాలి. ‘ద హాస్టల్ రన్స్ వెల్’ అంటే హాస్టల్ బాగా నడుస్తోంది. ‘షీ రన్స్ ఎ హాస్టల్’ అంటే ఆమె హాస్టల్ నడుపుతోంది. ‘నిర్వహించు’ అని రాసినా తప్పులేదు కానీ ఆ మాట ప్రశ్నపత్రంలో తప్ప ఇంట్లో ఎవరం అనం. నడుపు అంటే చాలు, వాక్యం ఇంటిదవుతుంది.

ఈ నడుపు దగ్గరే ఒక గొయ్యి ఉంది, మా పిల్లలు చాలామంది అందులో పడతారు. ‘మా బాబాయి బస్సు నడుపుతాడు’ అన్న వాక్యాన్ని ‘మై అంకుల్ రన్స్ ఎ బస్’ అని రాస్తే, బాబాయి బస్సుకు యజమాని అయిపోతాడు. స్టీరింగ్ పట్టుకునేవాడైతే ‘డ్రైవ్స్’ అనాలి. మన నడుపుకు ఆ తేడా లేదు. అయినా తేడా చెప్పాల్సి వచ్చినప్పుడు మనకూ ఒక దారి ఉంది. ‘ఆయన రెండు లారీలు తిప్పుతున్నాడు’ అంటే ఆయన డ్రైవర్ కాదని, లారీల మీద వ్యాపారం చేస్తున్నాడని వెంటనే తెలిసిపోతుంది. ట్రావెల్స్ వాళ్ళు బస్సులు తిప్పుతారు. ‘రన్ ఎ బస్’కు సరిగ్గా దీటైన మాట ఈ తిప్పుడే. ఇంత చక్కని మాట మన పిల్లల నోట్లో రోజూ ఉంటే, అనువాదంలో ‘బస్సును నిర్వహిస్తున్నాడు’ అని రాయించడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

నీళ్ళ సంగతిలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ‘ద ట్యాప్ ఈజ్ రన్నింగ్’ అంటే నల్లా కారుతోంది అని రాస్తారు. అది తప్పు. నల్లా కారుతోంది అంటే లీకవుతోందని అర్థం. రన్నింగ్ అంటే ఎవరో తిప్పి వదిలేశారు, నీళ్ళు ధారగా పోతున్నాయి. ‘నల్లా బందు చెయ్యలే, నీళ్ళు పోతున్నయి’ అని ఇంట్లో అరుస్తారే, అదే ఈ వాక్యం. ‘నల్లా వచ్చింది’ అని గల్లీలో కేక వినిపిస్తే అది రన్నింగ్ కూడా కాదు, ఆ పూట నీటి సరఫరా మొదలైందని. ముక్కు విషయంలో మాత్రం కారు సరిగ్గా సరిపోతుంది, ముక్కు కారుతోంది. కళ్ళకు పెట్టుకున్న కాటుక చెమటకు కారుతుంది, దానికీ ఇంగ్లీషులో రన్నే. కొత్త బట్ట ఉతికితే రంగు దిగుతుంది, పక్క బట్టకు అంటుకుంటుంది. అక్కడా రన్నే. ద్రవం ఉన్నచోట మన క్రియ మారేది ఎంత వేగంగా, ఎంత ధారగా అన్నదాన్ని బట్టి. ధారగా అయితే పారు లేదా పోవు, బొట్లుబొట్లుగా, సన్నగా అయితే కారు, బట్ట వదిలేసిన రంగైతే దిగు.

సినిమా ఆడుతుంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో వంద రోజులు ఆడిన సినిమాకు ఇంగ్లీషులో ‘ర్యాన్ ఫర్ ఎ హండ్రెడ్ డేస్’. ఇది తేలిక.

కదలనివి రన్ అయినప్పుడు పిల్లలు ఆశ్చర్యపోతారు. పుణె నుంచి హైదరాబాద్ మీదుగా మచిలీపట్నం దాకా ఉన్న 65వ నంబరు జాతీయ రహదారి ఇంగ్లీషులో ‘రన్స్ ఫ్రమ్ పుణె టు మచిలీపట్నం’. రోడ్డు ఎక్కడికీ పరుగెత్తదు. అయితే మన రోడ్డు కూడా ఊరికే పడి ఉండదు, పోతుంది. ‘ఈ తొవ్వ ఎటు పోతది?’ అని అడగని మనిషి లేడు. గోడ దగ్గరకొస్తే మాత్రం తెలుగు ఒప్పుకోదు. గోల్కొండ బయటి గోడ గురించి ‘ద వాల్ రన్స్ అరౌండ్ ద ఫోర్ట్’ అని ఉంటే ‘గోడ కోట చుట్టూ పోతుంది’ అంటే వినడానికి బాగోదు, ‘కోట చుట్టూరా గోడ ఉంది’ అనాలి. నడిచే మనిషిని ఎక్కడికో చేర్చేది రోడ్డు కాబట్టి అది పోతుంది, గోడ ఎవరినీ ఎక్కడికీ చేర్చదు. నాకు తోచిన కారణం ఇది. మీకు వేరేది తోస్తే రాయండి.

ఇంతవరకూ క్రియ మారితే సరిపోయింది. అసలు కష్టం వాక్యం తలకిందులయ్యేచోట ఉంది. ‘వీ ర్యాన్ అవుట్ ఆఫ్ రైస్’ తీసుకోండి. ఇంగ్లీషులో కర్త మేము. తెలుగులో మేము కర్తగా పెట్టి ఈ వాక్యాన్ని కట్టలేం. బియ్యమే కర్త, బియ్యం అయిపోయాయి. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అయిపోయాయి అని కూడా అనరు, ‘బియ్యం నిండుకున్నాయి’ అంటారు. లేదు అన్న మాట వంటింట్లో పలకకూడదని, ఖాళీ డబ్బాను చూసి నిండింది అంటారు. ‘రన్ అవుట్ ఆఫ్’కు అర్థం రాసుకునేచోట ఈ నిండుకొను అన్న మాటను కూడా మా పిల్లలతో రాయిస్తాను. ఇంగ్లీషు నేర్చుకునే పనిలో ఆ మాట వాళ్ళ నోటి నుంచి జారిపోకూడదు.

‘షీ ఈజ్ రన్నింగ్ ఎ ఫీవర్’ కూడా ఇంతే. ఇంగ్లీషులో జ్వరాన్ని ఆమె నడుపుతున్నట్టు ఉంటుంది. తెలుగులో ఆమెకు జ్వరం వచ్చింది, ఆమెకు ఒళ్ళు కాలిపోతోంది. ‘ఐ యామ్ రన్నింగ్ లేట్’ అంటే నాకు లేటయింది. చూశారా, ఇంగ్లీషులో కర్తగా కూర్చున్న మనిషి తెలుగులో ‘కు’ చేర్చుకుని పక్కకు జరుగుతాడు. మన చేతిలో లేనివి మనకు వస్తాయి, అవుతాయి, తగులుతాయి. ‘ఐ ర్యాన్ ఇంటు యువర్ బ్రదర్ ఇన్ కోఠి’ అంటే ‘నిన్న కోఠీల మీ అన్న తగిలిండు’. తగులు అన్న క్రియ ఇక్కడ ఎంత సరిగ్గా కుదిరిందంటే, ‘ర్యాన్ ఇంటు ఎ పోల్’ అన్నప్పుడు కూడా ‘స్తంభానికి తగిలాడు’ అని అదే మాట వస్తుంది. అనుకోకుండా మనిషి ఎదురైనా, స్తంభం ఎదురైనా ఇంగ్లీషుకూ తెలుగుకూ ఒకే మాట చాలింది. రెండు భాషలూ ఒకదాన్ని ఒకటి చూసుకోకుండానే ఒకే చోటికి వచ్చిన సందర్భాలంటే నాకు చాలా ఇష్టం.

‘రన్ ఓవర్’, ‘రన్ డౌన్’ లాంటివాటి గురించి ఎక్కువ చెప్పను. లారీ మనిషి మీద నుంచి పోతే తొక్కించింది అంటాం, పరీక్ష ముందు నోట్సును రన్ ఓవర్ చేస్తే పైపైన తిరగేయడం. బ్యాటరీ దిగిపోతే రన్ డౌన్, మనిషి నీరసించి చిక్కిపోయినా రన్ డౌన్, ఎవరినైనా తక్కువ చేసి మాట్లాడినా రన్ డౌన్. మూడింటిలోనూ ఉన్నది కిందికి దిగడమే. ఎన్నికల్లో ‘రన్ ఫర్’ అనేది అమెరికా వాడుక, బ్రిటన్‌లో ‘స్టాండ్’ అంటారు. మనం కూడా ‘ఎమ్మెల్యేగా నిలబడ్డాడు’ అంటాం కాబట్టి ఈ ఒక్క విషయంలో బ్రిటన్ వైపు ఉన్నాం.

మన వాడుకలోకి వచ్చిన రన్ సంగతి కూడా చెప్పుకోవాలి. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేసే కుర్రాడు ప్రోగ్రాంను నడపడు, రన్ చేస్తాడు. అది అలాగే ఉండనివ్వండి, అక్కడ నడుపు పెట్టాలని పట్టుబట్టే పని లేదు. ‘రన్నింగ్ బస్సు ఎక్కకు’ అని కండక్టర్లు అరుస్తారు. లెక్చరర్ చెబుతుంటే గబగబా రాసుకునేవి రన్నింగ్ నోట్స్. కాంట్రాక్టర్లకు పని సగంలో ఉండగా వచ్చేది రన్నింగ్ బిల్లు. కార్పెంటర్ రేటు చెప్పేది రన్నింగ్ ఫుట్ లెక్కన. 2021 జనవరిలో కరోనా టీకాకు ముందు జరిపిన రిహార్సల్‌ను పత్రికలు డ్రై రన్ అనే రాశాయి. ఇవన్నీ తెలుగులో కలిసిపోయిన మాటలు, వీటిని తప్పుపట్టను. ఒక్క రన్నింగ్ రేస్ అన్నదాన్ని మాత్రం ఇంగ్లీషు వ్యాసంలో రాయొద్దని చెబుతాను, అక్కడ రేస్ అంటే చాలు.

ఇది చదివి బృందం సభ్యులు కింద అడిగిన ప్రశ్నల్లో కొన్నిటికి ఇక్కడే జవాబు రాస్తున్నాను.

రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు, రైలు నడవడం అన్నది ఇంగ్లీషును చూసి చేసుకున్న అనువాదమేమో అన్నారు. అలా కాదండీ. అనువాదమే అయితే రైలు పరుగెత్తాలి కదా. నడుచు అన్న క్రియను మనం రైలు రాకముందే వ్యవహారాలకు వాడుకుంటున్నాం. నడత, నడవడి అన్న మాటలు కాళ్ళ నడక గురించినవి కావు, మనిషి తీరు గురించినవి. ఆచారం నడిచేది, వ్యాజ్యం నడిచేది. రైలు వచ్చాక ఆ వరసలోకి అది కూడా చేరింది.

గుంటూరు అక్క ఒకరు, ‘మీ తెలంగాణలో ఉరుకు అంటే పరుగా? మా వైపు నూతిలోకి ఉరికాడు అంటే దూకాడని’ అని రాశారు. అవునక్కా, ఇక్కడ ‘ఉర్కు ఉర్కు, బస్సు పోతున్నది’ అంటే పరుగెత్తమనే. మీ వైపూ ఉరుకులు పరుగులు అని జంటగా వాడతారు కాబట్టి రెండర్థాలూ ఎంతో దూరంలో లేవు. ఇంకో విషయం చూడండి. అచ్చంగా కాళ్ళతో పరుగెత్తే అర్థం వరకే తీసుకుంటే మనకే మాటలు ఎక్కువ: పరుగెత్తు, ఉరుకు, లగెత్తు, దౌడు తీయి. మా క్లాసులో ‘హీ ర్యాన్’ అని ఇస్తే సిద్దిపేట పిల్లవాడు ఉరికిండు అంటాడు, భీమవరం పిల్లవాడు పరుగెత్తాడు అంటాడు. రెండూ రైటే అని నేను ఇద్దరికీ మార్కులు వేస్తాను.

ఒక తమ్ముడు పరంపర, పారాయణం కూడా పారు నుంచే వచ్చాయా అని అడిగాడు. కాదు తమ్ముడూ, అవి సంస్కృతం మాటలు. పరంపర అంటే ఒకదాని తర్వాత ఒకటి. శబ్దం దగ్గరగా ఉందని చుట్టరికం కలపకూడదు. అయితే నీ ప్రశ్న వల్ల ‘ఇట్ రన్స్ ఇన్ ద ఫ్యామిలీ’ గుర్తొచ్చింది. దీన్ని వంశపారంపర్యం అని రాస్తారు, తప్పు కాదు కానీ అది డాక్టర్ రాసే మాటలా ఉంటుంది. ‘షుగర్ మా వంశంలోనే ఉంది’, ‘ఆ గొంతు వాళ్ళింట్లోనే ఉంది’ అంటే సరిపోతుంది. లేదని చెప్పాల్సి వస్తే మనకు దీటైన నుడి ఉంది: ‘అబద్ధం చెప్పడం మా ఇంటా వంటా లేదు.’

క్రికెట్ పరుగు గురించి అడిగినవారికి: అక్కడ రన్ అచ్చంగా పరుగే. 2001లో కోల్‌కతాలో మన హైదరాబాదీ వీవీఎస్ లక్ష్మణ్ చేసినవి 281 పరుగులు. అందులో బౌండరీలకు వచ్చినవాటికి పరుగెత్తాల్సిన పని లేదు, అయినా వాటినీ పరుగులనే అంటాం. ఇంగ్లీషులోనూ అంతే. క్రియ మాత్రం వేరు. వాళ్ళు ‘స్కోర్’ అంటారు, మనం పరుగులు చేస్తాం, లేదా సింగిల్ తీస్తాం.

చివరగా ‘ఇన్ ద లాంగ్ రన్’. పత్రికల్లో దీర్ఘకాలంలో అని రాస్తున్నారు, సంపాదకీయానికి అది బాగానే ఉంటుంది. మామూలు వాక్యంలో ‘పోను పోను’ అనండి. ‘రోజూ పది నిమిషాలు ఇంగ్లీషు చదివితే పోను పోను అదే అలవాటవుతుంది.’ హైదరాబాద్ చుట్టుపక్కల ‘పోంగ పోంగ’ అంటారు, అర్థం ఒకటే. పరిస్థితి చెడిపోతున్న సందర్భమైతే ‘రాను రాను’ కూడా వాడొచ్చు, రాను రాను రాజుగారి గుర్రం గాడిదైందని సామెతే ఉంది.